అమ్మ మాటను డాక్టరుకి చేర్చడం

నాన్న పోయాక అమ్మను టెక్కలి దగ్గర మా ఊరి నుంచి బరంపురం తెచ్చేసుకున్నాం. మూడు నెలలకే తిండి తగ్గింది, నిద్ర కరువైంది. మొన్న మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనకు ఒడియా, హిందీ. అమ్మకు రెండూ రావు. మధ్యలో నేను.

"బాధగా ఉంటుందా?" అని అడిగారు.

"బాధేటి? కడుపులో దేవేస్తంది, గుండెల మీద రోకలి పెట్టినట్టుంటది" అంది అమ్మ. నేను అలాగే చెప్పాను. ఆయన గ్యాస్ మాత్రల సంగతి అడిగారు! అమ్మ తరం దిగులును ఒంటితోనే చెప్తుంది, అది ఆయనకెలా తెలుస్తుంది?

"ఎవరైనా కనిపిస్తారా, పిలుస్తారా?"

"ఈడి నాన్న తెల్లారగట్ల కలలోకొచ్చి, అన్నం తిన్నావేటే అంటాడు" అంది కొంగు వేలికి చుట్టుకుంటూ. ఆయన గబగబా రాసుకుంటుంటే నాకు భయమేసింది. పోయినవాళ్లు కలలో పలకరించడం మా ఇళ్లలో జబ్బు కాదని చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, "ఆయనకేం వండేవారో అడగండి" అన్నారు. ఎండుచేపల పులుసు అంటూనే అమ్మ ఏడ్చేసింది. నాన్న పోయాక అదే మొదటిసారి.

మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం డీఎస్ఎం-5 2013లో వచ్చింది. అందులో రోగి తన బాధను ఎలా అర్థం చేసుకుంటున్నాడో తెలుసుకోవడానికి 16 ప్రశ్నలున్నాయి. ప్రతి డాక్టరూ వాటితోనే మొదలుపెడితే ఎంత బాగుండు.

కొడుకు ముందు అమ్మ అన్నీ చెప్పలేదు కూడా. రాత్రి మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కలిపి, తెలుగులో మాట్లాడేవాళ్లు దొరికాక ఫోను అమ్మకిచ్చాను. తను తలుపు దగ్గరగా వేసుకుంది.