తంగేడు పూల టీ: విశాఖ తేమలో ఆరబెట్టే పని ఎక్కడిదాకా వచ్చింది

అక్టోబరు

వానలు వెనకబట్టాక ఆనందపురం, పెందుర్తి వైపు మెట్టల్లో, పొలం గట్ల మీద తంగేడు విరగబూస్తుంది. రైతును అడిగే కోసుకోవాలి. కంబాలకొండ అభయారణ్యంలో మాత్రం ఆకు కూడా తుంచకూడదు, చట్టం ఒప్పుకోదు. లారీలు తిరిగే రోడ్ల పక్క పూలకు పట్టిన దుమ్ము కడిగినా పూర్తిగా పోదు. వాటి జోలికి వెళ్లొద్దు.

ముందు చెట్టును సరిగ్గా పోల్చుకోవాలి. తంగేడులో ఆకుకాడ కొమ్మను అంటుకున్న చోట చెవి ఆకారంలో చిన్న ఆకులు రెండు ఉంటాయి. కాయ చదునుగా, పల్చగా ఉంటుంది. పూలు కొమ్మ చివర నిలబడి పూస్తాయి, రేల పూలలా గుత్తులుగా వేలాడవు. అసలు భయం పచ్చగన్నేరుతోనే. ఊళ్లో ఏ వీధిలో చూసినా ఉంటుంది. దాని పువ్వు గంటలా ఉంటుంది, ఆకు సన్నగా పొడుగ్గా ఉంటుంది, తుంచితే పాలు కారతాయి. గుండె మీద పనిచేసే విషం అది. పాలు కారిందంటే ఆ పువ్వు సంచిలోకి రాకూడదు.

నవంబరు

టీ రుచి కాచేటప్పుడు కాదు, ఆరబెట్టేటప్పుడే తేలిపోతుంది. తాజా పువ్వులో ఐదింట నాలుగు వంతులు నీరే, అరకిలో కోస్తే వంద గ్రాములకు అటూ ఇటూగా మిగులుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఆ నీరు తేలిగ్గా వదలదు. మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోసి, రేకులు మాత్రం విడదీయాలి. అడుగున ఉండే ఆకుపచ్చ బొడిపె రేకుల కంటే చాలా ఆలస్యంగా ఆరుతుంది, బూజు మొదలయ్యేది అక్కడే. పూలు పూలుగా ఆరబెడితే చూడముచ్చటగా ఉంటాయి గానీ నిలవ ఉండవు.

పాత నూలు పంచె మీద ఒక్క వరసగా, నీడలో, ఫ్యాను కింద పరచాలి. కాగితం మీద పోస్తే కింది వైపు చెమ్మ పడుతుంది. నేరుగా ఎండలో పెడితే రంగు వెలిసి గడ్డి వాసన వేస్తుంది. సాయంత్రం గాలిలో తేమ పెరగకముందే లోపలికి తెచ్చి మూతపెట్టాలి, లేకపోతే పగలంతా ఆరింది రాత్రికి మళ్లీ మెత్తబడుతుంది. తుపాను హెచ్చరిక ఉన్న వారం అసలు కోయకపోవడమే మంచిది. ఈ నెల ఆరబెట్టినవాటిలో బొడిపె తీసిన రేకులే నిలిచాయి.

పట్టి చూస్తే రేకు వంగకుండా పుటుక్కున విరగాలి. ఆ తర్వాత గాజు సీసాలో సగం దాకా నింపి వారం పాటు రోజూ కుదపాలి. లోపలి గోడకు చెమ్మ కనబడినా, రేకులు ముద్దకట్టినా వెంటనే బయటికి తీసి మళ్లీ ఆరబెట్టాలి. బూజు వాసన వస్తే ఏరుకోవద్దు, మొత్తం పారెయ్యాలి.

డిసెంబరు, జనవరి

ఏడాది మొత్తంలో మన దగ్గర ఆరబెట్టడానికి అనువైన నెలలు ఇవే. వాన ఉండదు, చలిగాలి పొడిగా వీస్తుంది, రేకు రంగు నిలుస్తుంది.

200 మిల్లీలీటర్ల నీళ్లు మరిగించి దించి, రెండు గ్రాముల రేకులు వేసి, ఐదు నిమిషాలు మూతపెట్టి వడగట్టాలి. ఎక్కువసేపు ఉంచితే వగరు తేలుతుంది. స్టీలు గిన్నె వాడాలి, ఇనుప గిన్నెలో వగరు పదార్థం కలిసి టీ నల్లబడుతుంది. పాలు కలపొద్దు. వాసన కోసం సుగంధిపాల వేరు చిటికెడు నలగ్గొట్టి చివర్లో వేయాలి, మరిగిస్తే దాని పరిమళం ఆవిరితో పోతుంది. ఆ వేరు తవ్వితే మొక్కే పోతుంది కాబట్టి అడవిలో తవ్వకుండా నమ్మకమైన దుకాణంలో కొనడం మేలు.

అతిమూత్రానికి, ఒంటి వేడికి తంగేడు పూలు వాడడం పాత అలవాటు. షుగరు మాత్రలు వేసుకునేవారు డాక్టరుకు చెప్పకుండా తాగకూడదు, చక్కెర మరీ పడిపోవచ్చు. గర్భిణులకు ఇవ్వొద్దు. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై వైద్యులు బయటపెట్టారు, అందుకే దాన్ని ఈ మిశ్రమంలో కలపడం లేదు.

వావిలి ఆకు, మన వినాయక చవితి పత్రిలో ఉండేదే, జలుబుకు ఆవిరి పట్టడానికీ బాలింత స్నానపు నీళ్లకూ వాడతారు. తాగడానికి మరీ చేదు. ఇప్పుడు శంఖపుష్పం రేకులు ఆరుతున్నాయి. పల్చటివి కాబట్టి త్వరగా ఆరతాయి, వెలుతురు తగిలితే నీలం వెలుస్తుంది, సీసాకు గుడ్డ చుట్టి అలమరలో పెట్టాలి.