గాలి తలుపు దగ్గర కూర్చున్న పిల్లలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చుకుపోయాక మా వీధికి కరెంటు తిరిగి రావడానికి వారం దాటింది. ఆ రోజుల్లో పాల ప్యాకెట్ల కోసం ఎంత తిరిగామో కొవ్వొత్తుల కోసమూ అంతే తిరిగాము. అప్పటికి ఎనిమిదేళ్ళున్న మా అమ్మాయి రాత్రిపూట కొవ్వొత్తిని ఆర్పనిచ్చేది కాదు. "నేను నిద్రపోయాకే ఆర్పాలమ్మా" అని మాట తీసుకొని, పడుకుంది కదా అని నేను ఊదబోయేసరికి కళ్ళు తెరిచేది. ఇటీవల బ్రిటన్ బొగ్గు గనుల్లో పనిచేసిన పిల్లల వాంగ్మూలాలు చదువుతుంటే ఆ కొవ్వొత్తి గుర్తుకు వచ్చింది.

1842లో వెలువడిన పార్లమెంటు విచారణ సంఘం నివేదికలో సారా గూడర్ అనే ఎనిమిదేళ్ళ పాప మాటలున్నాయి. యార్క్‌షైర్‌లోని గాబర్ గనిలో తలుపు తీయడం, వేయడం ఆమె పని. తెల్లవారుజామున నాలుగింటికి, ఒక్కోసారి మూడున్నరకే లోపలికి వెళ్ళి, సాయంత్రం ఐదు గంటలయ్యాక బయటికి వచ్చేది. పనితో అలసట లేదు గానీ దీపం లేకుండా కూర్చోవాలి కనుక భయమేస్తుందని, వెలుతురున్నప్పుడు ఎప్పుడైనా పాడుకుంటానని, చీకట్లో పాడే ధైర్యం చాలదని చెప్పింది.

తలుపు దగ్గర మనిషెందుకో నాకు మొదట బోధపడలేదు. మా పై అంతస్తులో ఉండే పెద్దాయన కొత్తగూడెం వైపు గనుల్లో పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆయన గని అనరు, బాయి అంటారు. "బాయిల గాలికి తోవ మనమే పెట్టాలమ్మా. అడ్డం లేకపోతే దగ్గరి తోవ పట్టుకొని పోతది" అన్నారు. అసలు సంగతి అదే. అప్పటి గనుల్లోకి పైనుంచి నిలువుగా తవ్విన రెండు బావుల్లో ఒకదాని అడుగున కొలిమి మండిస్తే వేడెక్కిన గాలి పైకి లేచేది, ఆ లాగుడుకు రెండో బావిలోంచి కొత్త గాలి దిగేది. మధ్య దారుల్లో తలుపులు మూసి ఉంటేనే ఆ గాలి బొగ్గు తవ్వే చోట్లన్నిటినీ చుట్టి వస్తుంది. తెరిచి వదిలేస్తే అడ్డదారిన వెళ్ళిపోయి, లోపల మండే వాయువు పేరుకుంటుంది, అప్పుడు ఒక్క దీపపు మంట చాలు గని పేలిపోవడానికి. అలాగని మూసే ఉంచితే బొగ్గు బండ్లు నడవవు. తాడు లాగి తెరవడం, బండి దాటగానే వదిలేయడం, ఇంతే పని కనుక అందరికంటే చిన్నవాళ్ళను, ఐదారేళ్ళ పిల్లలను సైతం అక్కడ కూర్చోబెట్టారు. గనిలో ఉన్నవాళ్ళందరి ప్రాణాలూ ఒక పసిబిడ్డ కునుకు తీయకపోవడం మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ బిడ్డకొక కొవ్వొత్తి ఇస్తే యజమాని దివాలా తీసేవాడా అన్నది నన్ను వదలని ప్రశ్న.

కాస్త ఎదిగినవాళ్ళకు బండ్లు లాగే పని ఉండేది. రెండడుగుల ఎత్తు కూడా లేని దారుల్లో, నడుముకు పటకా, కాళ్ళ మధ్య నుంచి గొలుసు, మోకాళ్ళ మీద పాకుడు.

ఆ విచారణ వెనుక ఒక ప్రమాదం ఉంది, దానిలోనూ ఒక తలుపు ఉంది. 1838 జూలై 4న బార్న్‌స్లీ దగ్గరి సిల్క్‌స్టోన్ గ్రామంలో, హస్కర్ గని మీద వడగళ్ళతో పెద్ద వాన కురిసి పైనున్న ఆవిరి యంత్రం ఆగిపోయింది. లోపలున్న పిల్లలు కొందరు అడవిలోకి తెరుచుకునే ఏటవాలు దారిన బయటపడాలని, గాలి తలుపు దాటి పైకి నడిచారు. సరిగ్గా అప్పుడే వాగు పొంగి ఆ దారిలోకి విరుచుకుపడి, వాళ్ళను వెనక్కి నెట్టి ఆ తలుపుకే అదిమేసింది. 26 మంది చనిపోయారు, వారిలో 11 మంది ఆడపిల్లలు, అందరికంటే చిన్నవారికి ఏడేళ్ళు. ఊరి చర్చి ఆవరణలోని స్మారక శిల మీద ఈ ఘోరాన్ని దైవప్రేరితమైన విపత్తుగా చెక్కించారు. వాన దేవుడిదే కావచ్చు, పిల్లలను లోపలికి పంపింది మాత్రం దేవుడు కాదు.

1842 చట్టం ఆడవాళ్ళను, పదేళ్ళలోపు మగపిల్లలను భూగర్భంలో పని నుంచి తప్పించింది. పార్లమెంటు సభ్యుడు లార్డ్ ఆష్లీ తెచ్చిన బిల్లులో ఆ వయసు 13. గని యజమానులున్న ప్రభువుల సభ, అంటే పార్లమెంటు ఎగువ సభ, దాన్ని 10కి దించింది. అమలు చూడడానికి మొదట్లో దేశమంతటికీ నియమించిన ఇన్‌స్పెక్టరు ఒక్కరే. నివేదికలోని బొమ్మలు చూసి పెద్దమనుషులు ఉలిక్కిపడింది పిల్లల అలసటకు కాదు, అరకొర బట్టలతో ఆడా మగా కలిసి పనిచేస్తున్నారనే అని నాకు అనిపిస్తుంది.

అదే బ్రిటిష్ ప్రభుత్వం మన దేశపు గనుల్లో 13 ఏళ్ళలోపు పిల్లల పనిని నిషేధించినది 1923లో, అంటే 81 ఏళ్ళ తరువాత. సింగరేణిలో అప్పటికి మూడు దశాబ్దాలకు పైగా బొగ్గు తవ్వుతున్నారు. 18 ఏళ్ళు నిండనివారిని పనిలో పెట్టుకోరాదన్న నిబంధన 1983 సవరణతో వచ్చింది.

సారా సంగతి పెద్దాయనకు చెబితే అంతా విని ఒక్కటే అడిగారు: "మరి అంత పొద్దుగాల లేస్తే, పిల్లకు నిద్ర రాదా?" నివేదికలో దానికీ జవాబుంది. "నేను ఎప్పుడూ నిద్రపోను" అని ఆ పాప చెప్పింది.