శిబిరం అయిపోయాక వచ్చే వార్త

లైటు తీసేసి పడుకున్నాను గానీ నిద్ర పడితేగా. పొద్దున పేపర్లో చూసిన ఫొటోయే కళ్ళ ముందు మెదులుతోంది.

జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో, రక్తదాన శిబిరం వార్తతో వేశారు. ఎవరో కుర్రాడు మంచం మీద పడుకుని రక్తం ఇస్తున్నాడు. వాడి ముఖం లేదు. ఒక చెయ్యి, ఆ చేతిలో నొక్కుతున్న రబ్బరు బంతి, అంతే. చుట్టూ కండువాలు కప్పుకున్న పెద్దలు, అందరి చూపూ కెమెరా వైపే. కింద వార్తలో ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, అధ్యక్షుడు, కార్యదర్శి, చివరికి వందన సమర్పణ చేసినాయన పేరు కూడా ఉంది. రక్తం ఇచ్చినవాళ్ళలో ఒక్కరి పేరూ లేదు. మళ్ళీ శిబిరం ఎప్పుడో, ఇవ్వాలనుకున్నవాళ్ళు ఎవరికి ఫోన్ చెయ్యాలో అసలే లేదు. నిన్న అయిపోయిన దాన్ని ఇవాళ చదివి నేనేం చెయ్యాలి?

మా ఆయనేమో "ప్రతిదానికీ బీపీ పెంచుకుంటావు" అంటారు. ఎలా పెంచుకోను? మా వీధి కిట్టుగాడికి తలసేమియా, ఒంట్లో రక్తం సరిగా తయారవని పుట్టుజబ్బు. అది ఎక్కువగా ఉన్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. వాళ్ళమ్మ ఎండాకాలం వస్తోందంటేనే భయపడుతుంది, కాలేజీలకి సెలవులిచ్చేస్తే ఇచ్చేవాళ్ళు దొరకరని. నాయకుడి పుట్టినరోజు వచ్చిందంటే మాత్రం ఊరికో శిబిరం. సేకరించిన రక్తం 35 నుంచి 42 రోజులకి మించి నిల్వ ఉండదు, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ఒకసారి ఇచ్చిన మగవాళ్ళు మళ్ళీ ఇవ్వడానికి 3 నెలలు, ఆడవాళ్ళు 4 నెలలు ఆగాలి. అందరూ ఒకే వారంలో ఇచ్చేస్తే ఆ తర్వాత కిట్టుగాడికి ఎవర్ని అడగాలి?

మా ఆడపడుచు కొడుకు చిన్నాగాడు ఇంకా హైదరాబాదు వెళ్ళలేదు. సినిమాలకి ప్రచారం చూసే పీఆర్వో దగ్గర పనిచేసేవాడు దొరికాడు కదాని వాడి మీద పడ్డాను. "మీరంతా చేసేది ఇదేగా, ముఖాలు అచ్చు వేయించుకోవడం" అన్నాను. వాడు నెమ్మదిగా, "అత్తా, ఆ ఫొటో శిబిరం పెట్టినవాళ్ళు పంపిందే అయ్యుంటుంది. పంపినదాంట్లో ఫోన్ నంబరు లేకపోతే పేపరులో ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాడు.

టీ తాగుతూ వాడు చెప్పింది విన్నాక కాస్త చల్లబడ్డాను. ప్రకటనంటే డబ్బిచ్చి చోటు కొనుక్కోవడం, పీఆర్వోల పని డబ్బివ్వకుండా చోటు సంపాదించడం. సంపాదించాలంటే విలేకరికి పనికొచ్చేది మన దగ్గరుండాలి. పేపర్లకి మనం రాసి పంపే ప్రెస్‌నోట్‌లో మొదటి రెండు వాక్యాల్లోనే ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి కోసం అన్నవి వచ్చేయాలి, ఎందుకంటే చోటు చాలకపోతే పేపరాఫీసు డెస్కులో కింద నుంచి కోసేస్తారు. అతిథుల పేర్లు అన్నిటికన్నా కింద రాయాలట! పేజీలు పెట్టే హడావుడిలో ఫోన్ చెయ్యకూడదు, మధ్యాహ్నానికే పంపెయ్యాలి. ఫొటోలో ఎవరున్నారో, ఏం జరుగుతోందో విడిగా ఒక వాక్యం రాసివ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, శిబిరానికి ముందే వార్త రావాలి. జూన్ 14 రక్తదాతల దినం, రక్తం గ్రూపులు కనిపెట్టిన లాండ్‌స్టీనర్ పుట్టినరోజు. అక్టోబరు 1 మన దేశంలో స్వచ్ఛంద రక్తదాన దినం. ఆ రోజుల్లో పేపర్లవాళ్ళే అలాంటి వార్త కోసం చూస్తుంటారు, ముందుగా మనం అందిస్తే చాలంటాడు.

వింటున్న అత్తయ్యగారు అందుకున్నారు. "డొక్కా సీతమ్మగారు అంతమందికి అన్నం పెట్టి ఫొటోకే ఒప్పుకోలేదంటారు. రాజుగారు అడిగిన ఫొటో పంపకపోతే తమ ఉద్యోగాలకి ముప్పొస్తుందని తెల్లదొరలు బతిమాలితే అప్పుడు తీయించుకున్నారట" అన్నారు. మా కోనసీమలో ఇది అందరూ చెప్పుకునేదే. నాకూ అదే న్యాయం అనిపించింది. చిన్నాగాడు మాత్రం "ఆ ఒక్క ఫొటో లేకపోతే ఆవిడ ముఖం మనకి తెలిసేదా అమ్మమ్మా?" అన్నాడు. అత్తయ్యగారు జవాబు చెప్పలేదు.

ఫొటో అంటే నాకు మంట ఎందుకో వీళ్ళెవరికీ తెలీదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను తర్వాత కాట్రేనికోన పక్కన మా అమ్మమ్మ వాళ్ళూరు చూశాను. మొవ్వులు ఊడిపోయిన కొబ్బరిచెట్లు, ఎటు చూసినా మొండేలే. ఇంటి కప్పు పోయింది, నూతిలో నీళ్ళు ఉప్పగా అయిపోయాయి. లారీలో ఎవరో దుప్పట్లు తెచ్చారు. పెద్దావిడ కదాని అమ్మమ్మకి ముందే ఇచ్చారు. ఆవిడ దాన్ని చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగిందో లేదో, "ఇంకోసారి పట్టుకోండమ్మా, ఫొటో సరిగా రాలేదు" అన్నారు. ఇచ్చిన దుప్పటి తీసుకుని మళ్ళీ ఇచ్చారు. అమ్మమ్మ కొంగు ముఖం మీదకి లాక్కుంది. కొంగు తియ్యమన్నారు. తీసింది. ఎనిమిదెకరాల కొబ్బరితోట ఇల్లాలు! ఆ చలికాలమంతా ఆ దుప్పటి నేనే కప్పుకున్నాను, ఆవిడ ముట్టుకోలేదు.

ఇది రాస్తుంటే ఇంకోటి తడుతోంది. ఆ లారీ మా ఊరు ఎందుకొచ్చింది? పడిపోయిన చెట్ల ఫొటోలు, నీళ్ళలో మునిగిన ఊళ్ళ ఫొటోలు పేపర్లలో చూసి ఎక్కడెక్కడివాళ్ళో కదిలారు కాబట్టి. అవి రాకపోతే ఆ దుప్పటీ లేదు. చిరంజీవి 1998లో బ్లడ్ బ్యాంకు పెడితే అభిమానులు వరసకట్టి రక్తం ఇచ్చారంటే అదీ పేరు చేసిన పనే. అప్పుడు పేరుని ఏమని తిట్టను? పొద్దున ఫొటోలో కండువాల వాళ్ళకి కూడా ముఖం పడుతుందన్న ఆశ లేకపోతే షామియానా, మంచాలు, పాలు, పళ్ళు ఎవరు ఏర్పాటు చేస్తారంటాడు చిన్నాగాడు. సరే, వేసుకోమనండి. కానీ ఆ పడుకున్న కుర్రాడి ముఖం కూడా పడాలి, కింద నంబరు ఉండాలి. ఇందులో మాత్రం నేను తగ్గను.

వచ్చే నెల మన కుర్రాళ్ళు పెట్టే శిబిరానికి ప్రెస్‌నోట్ నేనే రాస్తున్నాను. చిన్నాగాడు కిట్టుగాడి ఫొటో పెట్టమంటున్నాడు, పిల్లాడి ముఖం చూస్తే జనం కదులుతారని. కదులుతారు, నాకూ తెలుసు. కానీ రేపు వాడు బడికెళ్తే "పేపర్లో వచ్చిన రోగం పిల్లాడు" అంటారేమోనని నా భయం. రేపు వాళ్ళమ్మని అడుగుతాను, వాణ్ణి కూడా. వద్దంటే క్రితంసారి రక్తమిచ్చిన ఆటో డ్రైవరు ఫొటో వేద్దాం. మీలో బొమ్మూరు, రావులపాలెం వైపు విలేకరులు ఎవరైనా తెలిసినవాళ్ళుంటే నాకు చెప్పండి, మధ్యాహ్నం లోపే పంపిస్తాను.