కిస్తు తగ్గనివ్వకుండా: అప్పు నుంచి పొదుపు దాకా

అప్పులు తీర్చే పని నేను కాగితం మీద మొదలుపెట్టాను. ఒక్కో బాకీకి ఒక్కో వరుస, వరుసకు ఆరు గడులు: మిగిలిన అసలు, వడ్డీ రేటు, నెల కిస్తు, కట్టాల్సిన తేదీ, ముందే తీర్చేస్తే పడే ఛార్జీ, తాకట్టు ఉందా లేదా. చేబదుళ్లూ ఇందులోకే రావాలి. ఇంకొకరి అప్పుకు హామీ సంతకం పెట్టి ఉంటే దాన్నీ రాసుకోవాలి. వాళ్లు కట్టకపోతే అది మన నెత్తిమీదికే వస్తుంది.

వడ్డీ గడి నింపేటప్పుడే లెక్క తప్పుతుంది. నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 అనుకుంటాం. కట్టని వడ్డీ మీద మళ్లీ వడ్డీ పడితే అది 42.6 అవుతుంది. ఫ్లాట్ రేటు ఇంకా తికమక పెడుతుంది. లక్ష అప్పు, మూడేళ్లు, 12 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 36,000, కిస్తు 3,778. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా మొదటి లక్ష మీదే లెక్కకట్టారు. తగ్గే బాకీ మీద చూస్తే అది 21 శాతం పైచిలుకు. అందుకే రెండు అప్పుల్ని పోల్చేముందు రెండింటినీ తగ్గే బాకీ లెక్కలోకి తెచ్చుకోవాలి. స్ప్రెడ్‌షీట్‌లో రేట్ (RATE) ఫార్ములాకు నెలల సంఖ్య, మైనస్ గుర్తుతో కిస్తు, తీసుకున్న అసలు ఇస్తే నెల వడ్డీ వస్తుంది. దాన్ని 12తో గుణిస్తే చాలు.

అదనంగా ఒక్క పైసా కట్టకముందే, ఒక నెల తప్పనిసరి ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకున్నాను. 40 శాతం వడ్డీ నడుస్తుండగా చేతిలో డబ్బు ఉంచుకోవడం తెలివితక్కువగా కనిపిస్తుంది. కానీ అది లేకపోతే మొదటి రిపేరుకో ఆసుపత్రి బిల్లుకో మళ్లీ క్రెడిట్ కార్డే గీకాల్సి వస్తుంది.

ఇక అసలు పని. కార్డు మీద లక్ష బాకీ, నెలకు 3 శాతం వడ్డీ, కనీస చెల్లింపు 5 శాతం అనుకుందాం. మొదటి నెల వడ్డీతో కలిపి 1,03,000, కట్టాల్సింది 5,150. ఆ తర్వాత కొత్తగా ఏమీ కొనకపోయినా, కనీస చెల్లింపే కడుతూ పోతే బాకీతో పాటు ఆ మొత్తమూ తగ్గుతుంది. ఏడాది తిరిగేసరికి దాదాపు 55,000 కట్టి ఉంటాం, బాకీ ఇంకా 77,000 ఉంటుంది. 30 నెలలకు కూడా 52,000 మిగిలే ఉంటుంది. అదే మొదటి నెల కట్టిన 5,150ని తగ్గించకుండా ప్రతి నెలా కడితే, ఆ 30 నెలల్లోనే మొత్తం బాకీ తీరిపోతుంది. ఆదాయం పెరగలేదు, వడ్డీ తగ్గలేదు, మొదటి నెల కట్టగలిగిన మొత్తాన్నే పట్టుకుని ఉన్నాం, అంతే. నేను చేసినదంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

అన్ని అప్పులకూ కలిపి నెలకు ఇంత అని ఒక మొత్తం ఖాయం చేసుకోవాలి. తాకట్టు ఉన్నవాటిలో కిస్తు బకాయి పడి ఉంటే ముందు అది కట్టాలి, లేకపోతే వస్తువో ఇల్లో పోతుంది. తర్వాత అన్నిటికీ కనీస మొత్తం కట్టి, మిగిలినదంతా వడ్డీ ఎక్కువున్న దాని మీద పెట్టాలి. అది తీరగానే దాని కిస్తు తర్వాతి అప్పుకు చేరుతుంది. రెండు మూడు నెలల్లో ముగిసే చిన్న బాకీ ఉంటే వడ్డీ తక్కువైనా ముందు దాన్నే తీర్చేస్తాను. కట్టాల్సిన తేదీ ఒకటి తగ్గుతుంది, ఆ కిస్తూ చేతికి వస్తుంది.

కార్డు విషయంలో రెండు సంగతులు చాలామందికి తెలియవు. పాత బాకీ మిగిలి ఉంటే సాధారణంగా కొత్త కొనుగోలుకు వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కాబట్టి తీర్చే కాలమంతా ఆ కార్డుతో ఏమీ కొనకూడదు. రెండోది, స్టేట్‌మెంట్‌లో ఉన్నదంతా కట్టేసినా, స్టేట్‌మెంట్ తేదీకీ కట్టిన తేదీకీ మధ్య వడ్డీ తర్వాతి బిల్లులో వస్తుంది. అది చిన్న మొత్తమే, పట్టించుకోకపోతే దాని మీద ఆలస్య రుసుము పడవచ్చు. బాకీ సున్నా అయ్యాక కూడా రెండు స్టేట్‌మెంట్లు చూసుకోవాలి.

అన్నీ కలిపి ఒకే తక్కువ వడ్డీ అప్పుగా మార్చుకోమనే సలహాను కాలపరిమితి చూడకుండా ఒప్పుకోకూడదు. లక్షకు 18 శాతం చొప్పున రెండేళ్లయితే కిస్తు 4,992, మొత్తం వడ్డీ 19,800. 12 శాతానికి మారి ఐదేళ్లు పెట్టుకుంటే కిస్తు 2,224కి దిగుతుంది, వడ్డీ మాత్రం 33,500 అవుతుంది. మారినా పాత కిస్తే కడతానంటే లాభం. అందుకు కొత్త అప్పులో ముందస్తు చెల్లింపుకు ఛార్జీ ఉండకూడదు.

పెద్ద దీర్ఘకాలిక అప్పుకూ ఇదే వర్తిస్తుంది. 10 లక్షలు, 9 శాతం, 20 ఏళ్లకు ఈఎంఐ 8,997. మొదటి కిస్తులో 7,500 వడ్డీకే పోతుంది. నెలకు మరో 1,000 కలిపితే 240 నెలలది 186 నెలల్లో ముగుస్తుంది. అదనంగా కట్టేటప్పుడు అది అసలులో జమ కావాలని, ఈఎంఐ కాకుండా కాలపరిమితి తగ్గించాలని రాతపూర్వకంగా అడగాలి. లేకపోతే కొందరు దాన్ని వచ్చే నెల కిస్తుగా జమ చేసుకుంటారు.

కట్టలేని నెల వస్తుందని తెలిస్తే తేదీ దాటకముందే అప్పిచ్చినవాళ్లతో మాట్లాడాలి. కొంత తగ్గించి సెటిల్ చేసుకుంటే ఒప్పందం కాగితం మీద వచ్చాకే డబ్బు కట్టాలి. అలా సెటిల్ చేసిన అప్పు పూర్తిగా తీరినట్టు కాకుండా క్రెడిట్ రికార్డులో వేరుగా కనిపించవచ్చు. పూర్తిగా తీరిన ప్రతి అప్పుకూ ఇక బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ లెటర్ తీసుకోవాలి, తాకట్టు కాగితాలు వెనక్కి తెచ్చుకోవాలి, ఆటో డెబిట్ రద్దు చేయాలి.

చివరి అప్పు తీరిన నెల ప్రమాదకరమైనది. ఖాళీ అయిన కిస్తు డబ్బు ఇంటి ఖర్చులో కలిస్తే ఎటు పోయిందో తెలియదు. జీతం పడిన మర్నాడే అదే మొత్తం వేరే ఖాతాకు వెళ్లేలా ఆటోమేటిక్ బదిలీ పెట్టాను. ఏడాదికోసారి వచ్చే ఖర్చులు, అంటే బీమా ప్రీమియం, ఫీజులు, పన్నులు, మరమ్మతులు, అన్నీ కూడి 12తో భాగించి ముందు ఆ వాటా తీస్తాను. మొత్తం 60,000 అయితే నెలకు 5,000. ముందే తెలిసిన ఈ ఖర్చులే చాలామందిని మళ్లీ అప్పులోకి లాగుతాయి. ఆ పైన, నెల ఖర్చుల నిధిని ఆరు నెలలకు పెంచాలి. ఆదాయం నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నెలలైనా సరిపోతుంది.

దీర్ఘకాలిక పొదుపు ఆ తర్వాతే. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లలో రెట్టింపవుతాయి, కాబట్టి పదేళ్లకు పైగా ముట్టని డబ్బును పొదుపు ఖాతాలో ఉంచితే దాని విలువ కరిగిపోవచ్చు. ఐదేళ్లలోపు కావాల్సినది మాత్రం షేర్లలో పెట్టను. మ్యూచువల్ ఫండ్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఏటా తీసుకునే ఛార్జీ. 30 ఏళ్లలో 7 శాతం రాబడికి లక్ష 7.6 లక్షలవుతుంది, ఒక్క శాతం ఛార్జీకి పోయి 6 మిగిలితే 5.7 లక్షలే.