వాల్వ్ బాగైంది, అంకె తగ్గింది

గుండె వాల్వ్ ఆపరేషన్ అయిన ఐదో రోజు ఎకో, అంటే గుండె స్కానింగ్ తీశారు. గుండె రక్తాన్ని ఏపాటి తోస్తోందో చెప్పే అంకె ఈఎఫ్. అది 40 శాతం అని వచ్చింది. అంతకుముందు 58 ఉండేది. గుండె బాగవుతుందని ఛాతీ కోయించుకుంటే ఉన్న బలం కూడా పోయిందనుకుని దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను.

నాది మైట్రల్ వాల్వ్ లీకు, అంటే గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటం సరిగ్గా మూసుకోదు. సాయంత్రం డాక్టరుగారు వచ్చి విడమరిచి చెప్పారు. "చూడమ్మా, ఎడమ కింది గదిలోని రక్తంలో ప్రతి దెబ్బకీ ఎంత బయటికి పోతోందో చెప్పేదే ఈ శాతం. ఇన్నాళ్లూ అందులో కొంత లీకు దారిన వెనక్కి పోయేది. అటు తోయడం తేలిక కాబట్టి అంకె బాగా కనిపించింది. ఇప్పుడు ఆ దారి మూశాం. అంతా ముందుకే తోయాలి, అందుకే లోపలి నీరసం బయటపడింది. పైగా ఆపరేషన్‌లో గుండెను ఆపి ఉంచాం కదా, కండరం తేరుకోవాలి." ఈ నాలుగు మాటలూ ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. ఆ బాధ నాకింకా పోలేదు.

ఇంటికొచ్చాక రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు బరువు చూసుకుని పుస్తకంలో రాయమన్నారు. రెండో వారంలో మూడు రోజుల్లోనే 2 కిలోలు పెరిగాను. తిండి చూస్తే సగమే. చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కి తీస్తే గుంట పడి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆ రాత్రి పడుకుంటే ఊపిరాడలేదు, మూడు దిండ్లు పెట్టుకుని కూర్చున్నాను. "పొద్దున్న చూద్దాంలే" అన్నారు మా ఆయన. నేను ఆగలేదు, అప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేయించాను. ఒంట్లో నీరు చేరిందని నీరు పోయే మందు డోసు పెంచారు, రక్తపరీక్షలు చేశారు. నాలుగు రోజులకి వాపు తీసింది. ఆ పుస్తకం లేకపోతే వాపుని నీరసం ఖాతాలో వేసి ఊరుకునేదాన్నేమో.

తర్వాతంతా నెమ్మదే. మొదట్లో గది నుంచి గుమ్మం దాకా నడిస్తే చాలు, కూలబడేదాన్ని. బీపీ మందు వేసుకున్నాక గబుక్కున లేస్తే కళ్లు తిరిగేవి. మూడో నెల ఎకోలో ఈఎఫ్ 46, ఆరో నెలలో 52.

"ఇక మందులు ఆపేయొచ్చా?" అని ఆశగా అడిగాను. "ఆ 52ని నిలబెడుతున్న వాటిలో మందులూ ఉన్నాయి. నన్ను అడక్కుండా ఒక్కటీ మానకమ్మా" అన్నారు డాక్టరుగారు. బరువు పుస్తకం నిండిపోయింది. నిన్న మా ఆయన కొత్తది తెచ్చి, గళ్లు గీసి, ఇవాళ్టి తేదీ వేసిపెట్టారు.