‘యుద్ధ చిత్రం, ఆధునిక కళాఖండం’: ఆ ఒక్క ప్రశ్నకు నేను సిద్ధమైన తీరు

ఫిల్మ్ స్టడీస్ ప్రవేశ పరీక్షకు చదువుతున్న మిత్రులకు ఈ తరహా వ్యాస ప్రశ్న కొత్త కాదు: ‘ఒక యుద్ధ చిత్రాన్ని ఆధునిక కళాఖండంగా ఎందుకు పరిగణించవచ్చు? చర్చించండి.’ చూడగానే తేలికనిపిస్తుంది. ‘అద్భుతం’, ‘గుండెను కలచివేస్తుంది’, ‘మరపురాని నటన’ అంటూ పేజీ నింపేయవచ్చు. అయితే ఆ మాటలు ఏ సినిమాకైనా అతుకుతాయి కాబట్టి వాటికి మార్కులు రాలవు. మిగతా సిలబస్ జోలికి పోకుండా, ఈ ప్రశ్నకు నేను ఎలా తయారయ్యానో మాత్రమే రాస్తాను.

ముందు కొలబద్ద కావాలి. ఫ్రెంచి దర్శకుడు ఫ్రాంస్వా త్రూఫో 1973లో ఒక ఇంటర్వ్యూలో యుద్ధ చిత్రాలపై పెద్ద అభియోగమే మోపాడు. ఉద్దేశం ఏదైనా, తెరమీదికి వచ్చేసరికి ప్రతి యుద్ధ చిత్రమూ యుద్ధాన్ని సమర్థించేదిగానే తయారవుతుందన్నది దాని సారాంశం. నేను దాన్నే కొలబద్దగా పెట్టుకున్నాను. ఈ అభియోగానికి నీతి వాక్యాలతో కాకుండా తన నిర్మాణంతో జవాబు చెప్పగలిగిన సినిమాను కళాఖండం అనవచ్చు. జవాబు పత్రంలో మొదటి పేరా ఇంతే. ‘సినిమా సమాజానికి అద్దం’ లాంటి ఉపోద్ఘాతాలు వద్దు.

ఉదాహరణగా ఒకే సినిమా తీసుకున్నాను: క్రిస్టఫర్ నోలన్ తీసిన ‘డన్‌కర్క్’ (2017). చరిత్రకు రెండు వాక్యాలు చాలు. 1940 మే 26 నుంచి జూన్ 4 వరకు ఫ్రాన్స్ తీరంలో చిక్కుకున్న మిత్రపక్ష సైనికుల్లో 3,38,226 మందిని ఓడల్లో, పడవల్లో ఇంగ్లండుకు చేర్చారు. అంటే కథావస్తువు గెలుపు కాదు, వెనుదిరగడం. త్రూఫో అభియోగానికి తొలి జవాబు ఈ ఎంపికలోనే ఉంది. శత్రువును చంపి గెలిచే ఘట్టం నేలమీద ఎక్కడా లేదు. జర్మన్ సైనికుల ముఖాలు కూడా స్పష్టంగా కనబడవు.

ఎక్కువ సమయం ఇవ్వవలసింది కాలనిర్మాణానికి. సినిమాలో మూడు కథలున్నాయి. నేలమీది కథ వారం రోజులు సాగుతుంది, సముద్రం మీది కథ ఒక రోజు, ఆకాశంలోది ఒక గంట. మూడింటినీ కలిపి అల్లి 106 నిమిషాల్లో చూపించారు. ఇక్కడితో ఆగితే అది సమాచారం మాత్రమే. ఆ అల్లిక వల్ల ప్రేక్షకుడికి ఏం జరుగుతుందో చెప్పినప్పుడే విశ్లేషణ అవుతుంది. నేను ఎంచుకున్న ఘట్టం ఇది. కాలిన్స్ అనే పైలట్ నడుపుతున్న స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం దెబ్బతిని సముద్రం మీద దిగుతుంది. పైన ఎగురుతున్న సహచరుడు ఫారియర్ కిందికి చూస్తాడు. కాక్‌పిట్ లోంచి ఒక చెయ్యి ఊగుతుంది. క్షేమంగానే ఉన్నాడనుకుని ఫారియర్ ముందుకు సాగిపోతాడు, మనమూ నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంటాం. చాలాసేపటికి అదే క్షణం కాక్‌పిట్ లోపలి నుంచి కనిపిస్తుంది. పైకప్పు బిగుసుకుపోయింది, లోపలికి నీళ్లు వస్తున్నాయి, బయటపడే దారి లేక కాలిన్స్ పెనుగులాడుతున్నాడు. మనం వీడ్కోలు అనుకున్నది ప్రాణాల కోసం తన్నులాట. చెయ్యి అదే, కదలిక అదే. చూసే చోటు మారేసరికి అర్థం తలకిందులైంది. యుద్ధంలో పక్కవాడి గురించి కూడా మనిషికి తెలిసేది సగమేనన్న సంగతిని ఏ పాత్రా పలకదు, ఎడిటింగే చెబుతుంది. జవాబు పత్రంలో ఈ ఘట్టానికి ఏడెనిమిది పంక్తులు కేటాయించండి.

చోటు మిగిలితే నటుడు కిలియన్ మర్ఫీ పాత్రను చేర్చవచ్చు. సముద్రం కథలో అతడు, మునిగిన ఓడ మీది నుంచి ఒక పడవవాళ్లు కాపాడిన సైనికుడు; వణికిపోతూ డన్‌కర్క్‌కు వెనక్కి వెళ్లనంటాడు. తర్వాత నేల కథలో అతడే, ఆ ప్రమాదానికి ముందు, ఇతరులకు ధైర్యం చెప్పే నిబ్బరమైన అధికారిగా కనిపిస్తాడు. పిరికివాడని మనం వేసిన ముద్ర మనకే ఎదురుతిరుగుతుంది.

శబ్దం గురించి ఒక పేరా చాలు. ఎప్పటికీ పైకి పోతూనే ఉన్నట్టు భ్రమ కలిగించే ‘షెపర్డ్ టోన్’ను సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ ఇందులో వాడాడు, నోలన్ సొంత గడియారం టిక్‌టిక్‌ను కూడా అందులో కలిపాడు. స్క్రిప్టు కూడా అదే సూత్రం మీద రాశానని నోలన్ చెప్పాడు. ఈ చిత్రానికి వచ్చిన మూడు ఆస్కార్లూ ఎడిటింగ్, సౌండ్ ఎడిటింగ్, సౌండ్ మిక్సింగ్‌లకే. అవార్డులను నాణ్యతకు సాక్ష్యంగా రాయడం నాకు నచ్చదు కానీ, ఇక్కడ అవి మన వాదనకు సరిగ్గా పనికొస్తాయి.

పోలికలు పొదుపుగా వాడండి. ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ (1998) తొలి ఘట్టం భయాన్ని రక్తమాంసాలతో చూపిస్తుంది, ‘డన్‌కర్క్’ దాదాపు రక్తమే లేకుండా చూపిస్తుంది. ‘1917’ (2019) కాలం దాదాపు ఎక్కడా తెగనట్టు ఒకే షాట్‌లా సాగుతుంది, ఇది కాలాన్ని ముక్కలు చేస్తుంది. ఈ రెండు వాక్యాలతో మన ఎంపికకు కారణం స్పష్టమవుతుంది.

ప్రశ్నలో ‘చర్చించండి’ అని ఉంటే ప్రతివాదం తప్పనిసరి. చాలామంది ఇక్కడ ‘పాత్రల నేపథ్యం తెలియదు’ అని రాసి ఊరుకుంటారు. అది బలహీనమైన విమర్శ. ఆ పాత్రల గతం మనకు తెలియకపోవడం దర్శకుడి ఉద్దేశమే. అసలైన విమర్శ వేరే ఉంది. అప్పుడు ఫ్రాన్స్‌లో బ్రిటిష్ సేనతో పాటు రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌కు చెందిన కంచర గాడిదల రవాణా దళాలు పనిచేశాయి. ఆ భారతీయ సైనికుల్లో కొందరు డన్‌కర్క్ మీదుగానే బయటపడ్డారు. సినిమాలో వాళ్ల జాడ లేదు. తరలింపు సాగేలా శత్రువును నిలువరించిన ఫ్రెంచి దళాలకూ దక్కింది కొద్ది చోటే. కాలిన్స్ చెయ్యి దగ్గర ‘చూసే చోటు మారితే సత్యం మారుతుంది’ అని నేర్పిన సినిమా, తాను మాత్రం చూసే చోట్లన్నీ బ్రిటిష్ వాళ్లకే ఇచ్చింది. దీన్ని నేను మొహమాటం లేకుండా లోపమనే రాస్తాను. చరిత్రగా దాని విలువ తగ్గుతుంది, నిర్మాణపరంగా దాని సాధన నిలుస్తుంది. ఈ రెండూ పక్కపక్కనే రాస్తేనే అది చర్చ అవుతుంది.

ఒకవేళ ప్రశ్నలో ‘ఆంగ్లేతర చిత్రం’ అన్న షరతు ఉంటే, ఎలెమ్ క్లీమొవ్ తీసిన సోవియట్ చిత్రం ‘కమ్ అండ్ సీ’ (1985) సిద్ధంగా ఉంచుకోండి. నాజీ ఆక్రమణలోని బెలారుస్‌లో ఒక కుర్రాడి కథ అది. బాంబులు పడ్డాక వాడి చెవుల్లో మోగే హోరునే మనకూ వినిపించే ఘట్టం చాలు. అదే కొలబద్దతో, అదే క్రమంలో జవాబు రాసేయవచ్చు. ఈ రెండు సినిమాల నుంచి చెరో ఘట్టాన్ని పుస్తకం మూసి పది పంక్తుల్లో రాయగలిగితే, ఈ ప్రశ్నను పక్కనపెట్టి తర్వాతి అధ్యాయానికి వెళ్లిపోండి.