దేవదారుల కింద ఒక వైస్రాయ్ సమాధి

హిమాచల్‌లో ధర్మశాల పైనున్న మెక్లోడ్‌గంజ్ వెళ్లినవాళ్లు దలైలామా గుడి చూస్తారు, మోమోలు తింటారు, భాగ్సు జలపాతం దాకా నడుస్తారు. మేమూ అవన్నీ చేశాం. కానీ నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఫోర్సిత్‌గంజ్ దగ్గర దేవదారు చెట్ల మధ్య ఉన్న పాత రాతి చర్చి. 1852లో కట్టారట. 1905 కాంగ్రా భూకంపంలో గంట గోపురం కూలిపోయి, మిగతా కట్టడం నిలిచింది. అందుకే గంట ఇప్పటికీ బయట ఆవరణలో, నేలకు దగ్గరగానే ఉంటుంది.

చర్చి పక్కన ఒక స్మారకం. రాయి నల్లబడి, పగుళ్లలో నాచు పట్టి ఉంది. "ఎవరిది నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. జేమ్స్ బ్రూస్, ఎనిమిదో ఎల్గిన్ ఎర్ల్. 1862లో మనకు వైస్రాయ్‌గా వచ్చాడు. మరుసటి ఏడు హిమాలయాల్లో తిరుగుతూ, చంద్రా నది మీద ఊగే తాళ్ల వంతెన దాటాక గుండె జబ్బు ముదిరి, నవంబరు 20న ఇక్కడే చనిపోయాడు.

అరగంట అక్కడే మెట్ల మీద కూర్చుని ఆ కుటుంబం కథంతా చెప్పాను. స్కాట్లాండ్‌లో డన్‌ఫర్మ్‌లిన్ దగ్గర బ్రూమ్‌హాల్ వాళ్ల ఇల్లు. రాజు రాబర్ట్ ది బ్రూస్ వంశమని చెప్పుకుంటారు. జేమ్స్ తండ్రి థామస్, ఒట్టోమన్ సుల్తాను దగ్గర బ్రిటిష్ రాయబారి. ఏథెన్స్‌లోని పార్థినాన్ అనే పురాతన గుడి నుంచి పాలరాతి శిల్పాలు ఊడదీయించి తెచ్చింది ఆయనే. 1816లో ప్రభుత్వం వాటిని 35,000 పౌండ్లకు కొన్నది. తిరిగి ఇచ్చేయమని గ్రీసు వాళ్లు ఇవాళ్టికీ అడుగుతూనే ఉన్నారు.

కొడుకు జేమ్స్ కథే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. 1849 ఏప్రిల్‌లో ఆయన కెనడా గవర్నర్ జనరల్. అంతకు ముందు తిరుగుబాట్లలో ఆస్తులు పోగొట్టుకున్నవాళ్లకు పరిహారం ఇచ్చే చట్టాన్ని ఎన్నికైన సభ ఆమోదించింది. అది తనకు నచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టి, సభ మాటే చెల్లాలని సంతకం పెట్టాడు. మాంట్రియల్లో గుంపు ఆయన బండి మీద కోడిగుడ్లు, రాళ్లు విసిరింది. ఆ రాత్రే పార్లమెంటు భవనం తగలబెట్టింది. ఆయన మాత్రం జనం మీదకు సైన్యాన్ని వదల్లేదు. మూడు వారాలకు అదే ఊళ్లో ఆయనకు కొడుకు పుట్టాడు, విక్టర్.

పదకొండేళ్ల తర్వాత, 1860 అక్టోబరులో, అదే మనిషి పెకింగ్ (ఇప్పటి బీజింగ్) దగ్గరి పాత వేసవి రాజభవనాన్ని కాల్చేయమన్నాడు. చైనా వాళ్లు పట్టుకున్న బందీల్లో కొందరు చిత్రహింసలకు చనిపోయినందుకు ప్రతీకారం అది. తోటలు, మండపాలు రోజుల తరబడి కాలాయి. కెనడాలో రాళ్లు విసిరినవాళ్లు ఆయన లెక్కలో పౌరులు. ఇక్కడ ఎదురుగా ఉన్నవాళ్లను ఆ లెక్కలోకి తీసుకోలేదనే నేను అనుకుంటాను. ఓర్పు లేని మనిషి అని మాత్రం అనలేను, అదే నాకు బాధ.

మాంట్రియల్లో పుట్టిన విక్టర్ 1894లో తండ్రి కుర్చీలోకి వచ్చాడు. 1896-97 కరువు ఆయన హయాంలోనే. 1876-78 నాటి ధాత కరువు తర్వాత ఇరవై ఏళ్లకు, మా అనంతపురం వైపూ మళ్లీ వానలు మొహం చాటేసిన ఏడు అది. మా జేజి వాళ్ల అత్తగారు రోడ్డు పనిలో కంకర కొట్టి, ఆ కూలితో సంకటి కాచుకున్నదని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. వైస్రాయ్ పేరు ఆమెకు తెలిసి ఉండదు.

ఇది చెప్పగానే మా అమ్మాయి లేచి మళ్లీ సమాధి దగ్గరికెళ్లి, చెక్కిన అక్షరాల మీద రాలిన దేవదారు ఆకుల్ని చేత్తో తుడిచి, పేరు పైకి చదివింది.